వరద క్యాంపు నడిపేవాళ్ళకి: రాత్రి కాపలా దగ్గర్నుంచి ఇంటికి పంపేదాకా

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు ఊరి మీద పడ్డప్పుడు నేను విజయవాడలో ఒక స్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలో వాలంటీరుగా ఉన్నా, సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు నుంచి బోట్లలో ట్రాక్టర్లలో వచ్చినవాళ్ళు దాదాపు ఆరొందల మంది. ఆరో రోజు సాయంత్రం ఎవరో వచ్చి మైకులో "రేపు టిఫిన్లు అయ్యాక అందరూ ఇళ్ళకి బయల్దేరాలండి, స్కూలు ఖాళీ చేయాలి" అని చెప్పేసి వెళ్ళిపోయారు. ఒక పిన్ని నా చెయ్యి పట్టుకుని "మా వీధిలో నీళ్ళు పోయినయ్యా మరి, బాబూ?" అని అడిగింది. నాకు తెలీదు, మైకులో చెప్పినాయనకీ తెలీదు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, తర్వాత పెద్ద పెద్ద శరణార్థి క్యాంపులు ఎట్టా నడిపారు, జనాన్ని వెనక్కి ఎట్టా పంపారు, ఎక్కడ దెబ్బతిన్నారు అని దొరికిందల్లా చదివా. మళ్ళీ కృష్ణకో బుడమేరుకో నీళ్ళొస్తే ఏ స్కూల్లోనో కల్యాణమండపంలోనో నాలాగే నిలబడే కుర్రాళ్ళకి పనికొచ్చిద్దని రాస్తున్నా.

వరదకి ఇల్లు వదిలినవాళ్ళని శరణార్థులు అనరు, శరణార్థి అంటే ప్రాణభయంతో దేశం సరిహద్దు దాటినోళ్ళు, వాళ్ళకి 1951 ఒప్పందం ఉంది, మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు. సొంత దేశంలోనే ఇల్లు వదలాల్సొచ్చినవాళ్ళ కోసం, అది యుద్ధం వల్లైనా వరద వల్లైనా సరే, ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు పెట్టింది. కాగితాలు వేరేగానీ, రాత్రి పన్నెండింటికి బాత్రూంకి వెళ్ళాల్సిన ఆడపిల్ల భయం కెన్యాలోనైనా పాయకాపురంలోనైనా ఒకటే.

అందుకే కాపలా అంటే గేటు దగ్గర కర్ర పట్టుకున్న మనిషి గురించి కాదు, ముందు లైట్ల గురించి ఆలోచించండి. మా స్కూల్లో బాత్రూంలు ఎనిమిది, అందులో రెండిటికి లోపల గడియ లేదు, గదుల్నుంచి అక్కడికి వెళ్ళే దారిలో ఒక్క బల్బు కూడా లేదు. రెండో రోజు నాకు తెలిసిందేంటంటే, ఇంటర్ చదివే ఆడపిల్లలు ముగ్గురు సాయంత్రం ఐదు తర్వాత మంచినీళ్ళు తాగడం మానేశారు, రాత్రి లేవాల్సొచ్చిద్దని. వాళ్ళమ్మ చెప్తే గానీ మాకు తట్టలేదు. హార్డ్‌వేర్ షాపులో రెండు గడియలు, పది మీటర్ల వైరు, నాలుగు హోల్డర్లు తెచ్చి ఆ రాత్రికే బిగించాం, అంతకుముందు మేం పెట్టిన ఇద్దరు వాచ్‌మెన్ల కంటే ఆ నాలుగు బల్బులే ఎక్కువ కాపలా కాశాయి. ప్రపంచమంతా సహాయ సంస్థలు వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్ళు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, అది ఉండే చోటు నుంచి 50 మీటర్ల లోపు, ఆడవాళ్ళకి మూడైతే మగవాళ్ళకి ఒకటి. ఆరొందల మందికి ముప్పై కావాలి, మా దగ్గర ఎనిమిది. అంత లేకపోయినా ఉన్నవాటిలో ఆరు ఆడవాళ్ళకి రాసేయండి, మగాళ్ళు గొడవ పడతారు, పడనీయండి. సూడాన్ డార్ఫర్ క్యాంపుల్లో పొయ్యి కట్టెల కోసం బయటికెళ్ళిన ఆడవాళ్ళ మీదే దాడులు జరిగాయి, అంటే ప్రమాదం ఎప్పుడూ ఏదో ఒక అవసరం కోసం నడిచే దారిలోనే కాచుకుని ఉండిద్ది, కాబట్టి మీ క్యాంపులో ఆడవాళ్ళు ఏ పనికి ఎటు నడుస్తున్నారో ఒక రోజంతా చూసి అప్పుడు కాపలా ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి.

పేర్లు రాసుకునేటప్పుడు ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాయొద్దు. ఒక్కో మనిషికి ఒక్కో వరస రాయండి, భార్యకి, అత్తకి, పిల్లలకి అందరికీ, లేకపోతే దుప్పటి దగ్గర్నుంచి రేపొచ్చే సాయం దాకా అంతా ఆ ఒక్క మనిషి చేతికే వెళ్ళిద్ది, ఆయన తాగే మనిషైతే ఇక చెప్పక్కర్లేదు. ఆధార్ నీళ్ళలో పోయిందన్నవాళ్ళని ఆపొద్దు. ఆ లిస్టు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి, అందులో ఒంటరి ఆడవాళ్ళ పేర్లు ఫోన్ నంబర్లు ఉంటాయి.

తర్వాత అన్నం ఎవరి చేతిలో ఉంది అన్నది. 1994లో రువాండా నుంచి లక్షల మంది అప్పటి జైర్, అంటే ఇప్పటి డీఆర్ కాంగోలోని గోమాకి వచ్చినప్పుడు, ఆ జనంలో మారణహోమం చేసిన సైనికులు, నాయకులు కూడా కలిసొచ్చారు, రేషన్ పంపకం వాళ్ళ చేతుల్లోకి పోయింది, దాంతో మొత్తం క్యాంపు వాళ్ళ గుప్పిట్లో పడింది, ఇంటికి వెళ్దామన్నవాళ్ళని బెదిరించారు. 1995లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ డబ్బులిచ్చి మరీ జైర్ సైనికుల్ని కాపలా పెట్టాల్సొచ్చింది. మన దగ్గర తుపాకులు ఉండవు, కానీ "మావాళ్ళకి ముందు ఇవ్వండి, నేను పంచుతా" అనే మనిషి ప్రతి క్యాంపులో మొదటి రోజే తయారవుతాడు, ఆయన మంచోడే అయ్యుండొచ్చు, అయినా పొట్లాల బస్తా ఆయన చేతికి ఇవ్వకండి. వరసలో నిలబడ్డ మనిషికి నేరుగా ఇవ్వండి, ముసలివాళ్ళకి బాలింతలకి కూర్చున్న చోటికే తీసుకెళ్ళండి. ఇక్కడ అన్నీ ఉచితమని, దేనికీ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదని పెద్దక్షరాలతో గోడకి అంటించండి, 2002లో గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ క్యాంపుల్లో సాయం పంచేవాళ్ళే ఆడపిల్లల్ని లైంగికంగా దోచుకున్నారని బయటపడింది, కాబట్టి వాలంటీర్లమే కదా మా మీద ఫిర్యాదు ఏంటి అనుకోవద్దు, మన మీద చెప్పుకోవడానికి కూడా ఒక ఆడమనిషి ఫోన్ నంబర్ గోడ మీద ఉండాలి, దాని కింద అత్యవసర నంబర్ 112, మహిళల హెల్ప్‌లైన్ 181 రాయండి.

పిల్లల సంగతి చిన్నగా చెప్తా. ఒంటరిగా దొరికిన పిల్లని "మా చుట్టాలమ్మాయండీ" అన్నవాళ్ళకి ఇచ్చేయొద్దు, ఎంత నమ్మకంగా అనిపించినా సరే, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి వాళ్ళ ద్వారానే పంపండి.

రాత్రి గేటుకి తాళం వేస్తే ఆ తాళంచెవి ఎక్కడుందో కనీసం ఐదుగురికి తెలియాలి. బంగ్లాదేశ్ కాక్స్ బజార్ దగ్గర, మయన్మార్ నుంచి పారిపోయొచ్చిన రోహింగ్యాల క్యాంపుల్లో 2021 మార్చి 22న మంటలు లేచినప్పుడు చుట్టూ వేసిన ముళ్ళకంచె వల్లే చాలామంది బయటికి రాలేక చిక్కుకుపోయారు, భద్రత కోసమని వేసిన కంచె అది. వంటపొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు జనం పడుకునే గదుల పక్కన పెట్టొద్దు, వెనక ఇంకో దారి తెరిచి ఉంచండి.

ఇక అసలు విషయం, ఇంటికి పంపడం. ఇక్కడే అందరం తొందరపడతాం, స్కూలు తెరవాలి, మండపంలో పెళ్ళి ఉంది, దాతలు తగ్గిపోయారు, కారణాలు నిజమే. కానీ శరణార్థుల విషయంలో ప్రపంచం నేర్చుకున్న మాట ఏంటంటే తిరిగి వెళ్ళడం మనిషి ఇష్టంతో, క్షేమంగా, గౌరవంగా జరగాలి, 1998 సూత్రాల్లో 28వది కూడా ఇదే చెప్తుంది. కెన్యాలో సోమాలియా శరణార్థుల దాదాబ్ క్యాంపు 1991లో మొదలైంది, సుమారు 90 వేల మంది కోసం కట్టింది, 2011 కరువుకి నాలుగు లక్షలు దాటారు. 2013లో కెన్యా, సోమాలియా, యూఎన్‌హెచ్‌సీఆర్ కలిసి స్వచ్ఛందంగా వెనక్కి వెళ్ళేవాళ్ళకి సాయం చేస్తామని ఒప్పందం రాసుకున్నారు, 2016లో కెన్యా ప్రభుత్వం క్యాంపే మూసేస్తామంది, 2017 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు అడ్డం పడింది. ఈ మధ్యలో రేషన్ తగ్గింది, మూసేస్తారన్న భయం పెరిగింది, అట్టాంటప్పుడు "నేను వెళ్తాను" అని పెట్టిన సంతకం ఇష్టంతో పెట్టిందేనా అని హక్కుల సంఘాలు గట్టిగా అడిగాయి. కాక్స్ బజార్‌లో 2018 నవంబర్‌లో ఒకసారి, 2019 ఆగస్టులో ఇంకోసారి మయన్మార్‌కి పంపడానికి బస్సులు తెచ్చి నిలబెట్టారు, ఒక్కరు కూడా ఎక్కలేదు. మన పక్కన తమిళనాడులోనే శ్రీలంక తమిళుల్ని వెనక్కి పంపుతున్నప్పుడు, వాళ్ళు ఇష్టపడే వెళ్తున్నారా లేదా చూడటానికి 1992లో మన ప్రభుత్వం యూఎన్‌హెచ్‌సీఆర్‌ని ఒప్పుకోవాల్సొచ్చింది.

అందుకని అడగడం నేర్చుకోవాలి. భోజనం వరసలో అడగొద్దు, గరిటె పట్టుకున్న మనిషి "ఎప్పుడు వెళ్తారమ్మా" అంటే ఎవరైనా "రేపే వెళ్తామండి" అనే అంటారు. కూర్చోబెట్టి, భార్యని భర్తని విడివిడిగా, వీలైతే ఆశా అక్కనో అంగన్‌వాడీ టీచర్‌నో పక్కన పెట్టుకుని, "ఏం చూస్తే మీకు ధైర్యం వచ్చిద్ది?" అని అడగండి. మా పిన్నిని అట్టా అడిగితే నీళ్ళ గురించి కాదు, మీటర్ బాక్స్ గురించి చెప్పింది, గోడంతా తడిసి ఉంది, స్విచ్ వేస్తే షాక్ కొట్టిద్దేమో అని. మాకు అసలు ఆ ఆలోచనే లేదు.

అప్పుడు చేయాల్సిన పని, వీధికి ఇద్దరు చొప్పున, ఒకరు ఆడవాళ్ళు కచ్చితంగా, ముందు వెళ్ళి చూసి రావడం. శరణార్థుల్ని పంపేటప్పుడు కూడా ఇదే చేస్తారు. వాళ్ళ చాప, వాళ్ళ భోజనం క్యాంపులో అట్టాగే ఉండిద్దని మాటివ్వండి, లేకపోతే ఎవరూ కదలరు. మేం ట్రాక్టర్‌లో తొమ్మిది మందిమి వెళ్ళాం, పిన్ని వాళ్ళింట్లో బురద గీత బీరువా రెండో అర దాకా ఉంది, ఫ్రిజ్ వెల్లకిలా పడుంది, పెళ్ళి ఆల్బం అట్టలు విడిపోయి ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి, ఆమె వాటిని విడదీయకుండా అట్టాగే కొంగులో చుట్టుకుంది. సాయంత్రం క్యాంపులో ఆ తొమ్మిది మందే అందరికీ చెప్పారు, ఏ వీధికి కరెంటు వచ్చింది, ఎవరి సంపులో కుళ్ళు వాసన, ఎక్కడ పాము కనపడింది, ఫైరింజన్ ఏ సందు దాకా వచ్చి కడిగింది. మైకులో వందసార్లు చెప్పినా రాని నమ్మకం వాళ్ళ మాటకి వచ్చింది, "బుడమేరు మళ్ళీ తెగిందంట" అన్న పుకారు కూడా ఆ రాత్రితో పోయింది.

అద్దెకి ఉన్నవాళ్ళని వేరేగా అడగండి, ఓనర్ మళ్ళీ రానిస్తాడో లేదో, వాళ్ళకి వెళ్ళడానికి ఇల్లే ఉండకపోవచ్చు. ఇంటికొచ్చి నష్టం రాసుకునేవాళ్ళ గురించి కూడా చెప్పాలి, అప్పట్లో గ్రౌండ్ ఫ్లోర్ మునిగితే 25,000, పై అంతస్తులకి 10,000 అని ప్రకటించారు, ఎన్యూమరేషన్‌కి వచ్చినప్పుడు ఇంట్లో లేకపోతే పేరు ఎక్కదేమో అని బురదలోనే పసిపిల్లల్ని పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉన్నారు. సచివాలయంలో అడిగి ఏ రోజు ఏ వీధికి వస్తారో కనుక్కుని, ఇంటికి ఒక మనిషి వెళ్తే చాలని చెప్పండి, మిగతావాళ్ళు క్యాంపులో ఉండొచ్చు.

భోజనం తగ్గించి మాత్రం పంపొద్దు. వెళ్ళేవాళ్ళకి బ్లీచింగ్, చీపురు, బకెట్, రెండు బల్బులు, నాలుగు రోజుల బియ్యం పప్పు ఇచ్చి, రెండు రాత్రుల దాకా ఎప్పుడైనా తిరిగి రావచ్చని చెప్పండి, మా దగ్గర పదకొండు కుటుంబాలు వెనక్కి వచ్చాయి, వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు.

మూడో రోజు అందరికీ ఫోన్ చేయండి, పది మంది వాలంటీర్లు పంచుకుంటే ఒక పూట పని. నేను పిన్నికి చేస్తే కరెంటు వచ్చింది బాబూ, ఫ్యాను తిరుగుతోంది, మీటర్ కూడా చూసెళ్ళారు, కాకపోతే కింద చాప వేసుకుని పడుకోవాలంటే మాత్రం భయమేస్తోంది అంది. సాయంత్రం రెండు మడత మంచాలు ఆటోలో వేయించి పంపాం.