మీ వీధిలో త్యాగరాజ ఆరాధన చేయాలంటే

పుష్య మాసం దగ్గరపడిందంటే చాలు, విశాఖలో పాట నేర్చుకునేవాళ్లు ఎవరు ఎదురైనా నన్ను ఒక మాట అడుగుతారు. "టీచర్‌గారూ, తిరువయ్యారులో ఇదివరకటి భక్తి ఇప్పుడు లేదంట కదా? అంతా కెమెరాల కోసమేనంట కదా?" తంజావూరు దగ్గరి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి ఉంది, ఏటా ఆరాధన జరిగేది అక్కడే. నేను రెండుసార్లు వెళ్లాను. ఆ మాటలో కొంత నిజముంది. అయితే ఆ ప్రశ్న వేసినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: అక్కడ ఏం పోయిందో తేల్చే ముందు, ఒక్కసారి మీ వీధిలో ఆరాధన చేసి చూడండి. పదకొండేళ్లుగా ఎం.వి.పి. కాలనీలో మేం ఎలా చేస్తున్నామో, ఎక్కడ దెబ్బతిన్నామో ఇక్కడ రాస్తున్నాను.

ముందు కొంచెం చరిత్ర తెలియాలి. లేకపోతే 'అసలు స్ఫూర్తి' అంటూ మనకి నచ్చినదాన్నల్లా అందులో పెట్టేస్తాం. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. శిష్యులు, వాళ్ల శిష్యులు ఆ తిథికి ఆరాధన చేసుకుంటూ వచ్చారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అది ఉత్సవంగా పెరిగింది, పెరగ్గానే రెండు పక్షాలయింది. ఆడవాళ్లని సమాధి ముందు పాడనిచ్చేవారు కాదు. బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొంత సొమ్ము పోసి సమాధి దగ్గర గుడి కట్టించారు, 1925లో ప్రతిష్ఠ చేయించారు. అంత చేసినా ఆమెకే పాడే హక్కు లేదన్నారు. ఆమె వెనక్కి తగ్గలేదు. గుడి వెనకవైపే ఆడవాళ్లని కూర్చోబెట్టి పాడించారు. పక్షాలన్నీ 1940లో ఒక్కటయ్యాయి. స్వామివారి ఐదు పెద్ద కీర్తనల్ని పంచరత్నాలంటారు. అందరూ కలిసి వాటిని గోష్ఠిగా, అంటే ఒక్క గుంపుగా పాడటం ఆ మరుసటి ఏడాది, 1941లో మొదలైంది.

అంటే మనం అనాదిగా వస్తోందనుకునే గోష్ఠి గానానికి నూరేళ్లు కూడా లేవు. టీవీ రాకముందు అంతా పవిత్రంగా ఉండేదని ఎవరైనా అంటే నాకు నాగరత్నమ్మగారే గుర్తొస్తారు. పద్ధతులు మారుతూనే వచ్చాయి. మారనిది ఒకటుంది. ఎంతటి విద్వాంసుడైనా అక్కడ డబ్బు తీసుకోకుండా, తనకిచ్చిన కొద్ది నిమిషాలు పాడి లేచి వెళ్తాడు. రాజాస్థానం పిలిచినా వెళ్లకుండా, ఉంఛవృత్తి చేసి, అంటే వీధుల్లో పాడుకుంటూ వెళ్లి ఇళ్లవాళ్లు పోసిన బియ్యంతో బతికిన మనిషి పేరు మీద జరిగేదది. మీ వీధిలో ఏం చేసినా ఈ ఒక్కటి పట్టుకోండి, మిగతావి మార్చుకోవచ్చు.

ఇక నా సంగతి. మొదటిసారి వెళ్లినప్పుడు విజయనగరం సంగీత కళాశాలలో చదువుతున్నాను. తంజావూరులో దిగి బస్సెక్కితే పన్నెండు పదమూడు కిలోమీటర్లు. కావేరి ఒడ్డున పందిరి. గాయకులు రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చున్నారు. కెమెరా ఎటు తిరిగితే అటు జరిగేవాళ్లు కనబడ్డారు, అది చూసి నాకు బాధ కలిగింది. నా పక్కన ఒక తమిళ మామి కూర్చున్నారు. ఆవిడ ఒళ్లో నోటు పుస్తకం, అందులో మన తెలుగు సాహిత్యం తమిళ లిపిలో. తమిళంలో క, గ లకి ఒకటే అక్షరం కదా, అందుకని ఒక్కో అక్షరం నెత్తిన చిన్న చిన్న అంకెలు వేసుకున్నారు, ఎక్కడ క పలకాలో ఎక్కడ గ పలకాలో తెలియడానికి. పేజీ అంచులు పసుపుతో రంగు తేలి ఉన్నాయి. పంచరత్నాల్లో వరాళి రాగం కీర్తన దగ్గర వేలు పెట్టి, "కనకన అంటే బంగారమేనా?" అని అడిగారు. నేను తెలుగమ్మాయిని కదా, అవునని తలూపేశాను.

అది తప్పు. 'కనకన రుచిరా' అంటే చూసిన కొద్దీ రుచి అని. బంగారం ఆ తరవాత, 'కనకవసన' దగ్గర వస్తుంది. ఊరికి వచ్చాక మా మేస్టారు చెబితే గాని నాకు తెలియలేదు. అన్ని అంకెలు వేసుకుని నేర్చుకున్న ఆవిడకి, పుట్టుకతో తెలుగు వచ్చిన నేను తప్పు అర్థం చెప్పి వచ్చాను. ఆవిడని మళ్లీ కలవలేదు. మా ఆరాధనలో మొదటి నియమం అక్కణ్నుంచే వచ్చింది: పాడేముందు చదవాలి.

కాబట్టి విజయదశమి నాడు మొదలుపెట్టండి. పుష్య మాసానికి మూడు నెలలు దొరుకుతాయి. వారానికి ఒక సాయంత్రం చాలు. మొదటి రెండు వారాలు శ్రుతి పెట్టె ముట్టుకోకండి. సాహిత్యాన్ని వచనంలా పైకి చదివించండి, పదాలు విడగొట్టి, ఎవరు ఎవరితో అంటున్నారో చెప్పించండి. జగదానందకారక సంస్కృతం, అక్కడ సమాసాల దగ్గర ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టించండి. మిగతా నాలుగూ తెలుగే అయినా అవి తేలికని అనుకోకండి. దుడుకుగల మా పిల్లలకి ఎంతో ఇష్టం, ఎందుకంటే అందులో ఒక పెద్దాయన తన తప్పులన్నీ వరసపెట్టి ఒప్పుకుంటాడు.

నేర్పడం మాత్రం సాధించెనేతో మొదలుపెట్టమంటాను. ప్రతి చరణం తరవాత 'సమయానికి తగు మాటలాడెనే' తిరిగి వస్తుంది. చరణాలు రానివాళ్లు ఆ ఒక్క వాక్యం దగ్గర అందుకుంటారు. మా కాలనీలో రిటైరైన షిప్‌యార్డు ఉద్యోగి ఒకాయన మూడేళ్లు ఆ వాక్యం ఒక్కటే పాడారు. నాలుగో ఏడు ఆ ఆరభి రాగం కీర్తన మొత్తం పాడారు. వరాళి సంగతికొస్తే, గురువు దగ్గర కూర్చుని నేర్చుకుంటే గురుశిష్యులకి పడదని ఒక నమ్మకం ఉంది. పెద్దవాళ్లు దాన్ని గట్టిగా పట్టించుకుంటే వాదించకండి. ఇద్దరు పాడుతుంటే మిగతావాళ్లు విని పట్టుకోవచ్చు, మేమూ అలాగే చేస్తాం.

శ్రుతి దగ్గర, అంటే ఏ ఎత్తులో పాడాలన్న దగ్గర, తగాదా తప్పదు. ఆడవాళ్లకి ఐదో శ్రుతి సుఖం, మగవాళ్లకి ఒకటో శ్రుతి సుఖం. మధ్యలో ఏదో పెడితే ఇద్దరికీ గొంతు పట్టేస్తుంది, మేం రెండేళ్లు అలా ఇబ్బందిపడ్డాం. ఇప్పుడు ఐదే పెడుతున్నాం. మగవాళ్లు కింది స్థాయిలో పాడతారు, మరీ మంద్రంలో అందనిచోట ఆగి తాళం వేస్తారు. ఐదు కీర్తనలూ ఆది తాళమే కాబట్టి తాళం వేసేవాళ్లు నలుగురు గట్టిగా ఉంటే గోష్ఠి చెదరదు. పాట వేగం మాత్రం పెరగనివ్వకండి. గుంపులో పాడితే ఉత్సాహం కొద్దీ పరుగు వస్తుంది, చివరిదైన శ్రీరాగం కీర్తన దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు మింగేస్తారు. ఐదు కీర్తనలూ తీరుబడిగా పాడితే గంట పడుతుంది.

ఇప్పుడు మేం చేసిన పెద్ద తప్పు చెప్పాలి. నాలుగో ఏడు ఒక దాత ముందుకొచ్చి షామియానా, స్టేజి, పెద్ద సౌండ్ బాక్సులు, ఫ్లెక్సీ అన్నీ తానే పెట్టిస్తానన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాం. ఫ్లెక్సీలో త్యాగరాజస్వామి బొమ్మ మూలకి వెళ్లింది. పేరున్నవాళ్లకి ముందు టైము, పిల్లలకి చివర. నా శిష్యురాలు ఒకతి, తొమ్మిదేళ్ల పిల్ల, సాయంత్రం ఐదుకి పట్టు పరికిణీ కట్టుకుని వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకి దాని పేరు పిలిచారు. అప్పటికి వాళ్లమ్మ ఒళ్లో నిద్రపోయింది, జళ్లో కనకాంబరాలు నలిగిపోయి కుర్చీ నిండా రాలాయి. లేపితే లేవలేదు. ఆ పిల్ల పాడనేలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తిరువయ్యారులో ఏదో పోయిందని బాధపడినదాన్ని, నా చేతులతో నేనే దాన్ని ఇక్కడ పోగొట్టాను.

మరుసటి ఏడాది నుంచి కొన్ని కచ్చితంగా పెట్టుకున్నాం. స్టేజి లేదు. జంపఖానాలు పరిచి రెండు వరసలు, ఎదురెదురుగా, ఒక కొసన స్వామి పటం. అలా కూర్చుంటే ముందు వరస, వెనక వరస అన్నది ఉండదు. ఎవరైనా సరే ఆలస్యంగా వస్తే చివర కూర్చుంటారు. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఒక పిల్ల. గోష్ఠి అయ్యాక విడిగా పాడాలనుకుంటే పిల్లలే ముందు, మనిషికి ఒక్క కీర్తన. విరాళం డబ్బుగా తీసుకోం. బియ్యం, బెల్లం, నెయ్యి, పూలు, అంతే. పూలు పూర్ణా మార్కెట్ నుంచి, కూరగాయలు మా కాలనీ రైతుబజారు నుంచి ఎవరో ఒకరు తెచ్చేస్తారు. మృదంగం, వయొలిన్ వాళ్లకి బండి ఖర్చులిస్తాం, వాళ్లు వద్దంటే బలవంతపెట్టం.

మైకు గాయకులకి పెట్టం. వయొలిన్‌కి ఒకటి, శ్రుతి పెట్టెకి ఒకటి, అదీ చిన్న బాక్సు. మైకు ఉంటే దాని దగ్గరున్నవాళ్ల గొంతే వినబడుతుంది, మిగతావాళ్లు మెల్లగా ప్రేక్షకులైపోతారు. చోటు కూడా చూసుకోవాలి. అపార్టుమెంటు సెల్లార్‌లో పాడితే గోడలు మోగి, మృదంగం దెబ్బ ఒకటి రెండుగా వినబడి తాళం తప్పుతుంది. మేం మేడ మీదకి మారాం. జనవరి పొద్దుట బాగుంటుంది గాని సముద్రపు గాలికి పుస్తకం పేజీలు తిరగబడిపోతాయి, మనిషికి రెండు బట్టల క్లిప్పులు ఇవ్వండి. ఫోనులో తీయాలనుకున్నవాళ్లకి మొదటి పది నిమిషాలు. ఆ తరవాత ఫోన్లన్నీ ఒక బుట్టలో.

తిథి పనిరోజున పడితే ఆదివారానికి మారుద్దామని అడుగుతారు. నేను ఒప్పుకుంటాను. సెలవు దొరకని నర్సమ్మ, డ్రైవరు, పోర్టులో షిఫ్టు వాళ్లు కూడా పాడాలంటే ఆదివారమే మంచిది. కానీ ఉంఛవృత్తి మాత్రం పంచమి పొద్దున్నే చేస్తాం, ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకి ముగిస్తాం, ఆఫీసులకి ఇబ్బంది లేకుండా.

ఈ ఉంఛవృత్తిని మాత్రం వదలొద్దు. ఒక ఇత్తడి చెంబు, చేతి తాళాలు, పదిమంది మనుషులు చాలు. కష్టమైన కీర్తనలు వద్దు, భజనలా పాడుకునే, అందరికీ వచ్చిన దివ్యనామ కీర్తనలు పాడుకుంటూ నడవండి. ధనుర్మాసంలో హరిదాసుకి బియ్యం పోసే అలవాటు మన ఉత్తరాంధ్రలో ఇంకా ఉంది కాబట్టి జనానికి ఇది కొత్తగా అనిపించదు. తలుపు కొట్టకండి, అడగకండి. పాడుతూ గేటు దగ్గర ఒక చరణంసేపు నిలబడి కదిలిపోండి. మొదటి ఏడాది రెండో అంతస్తు నుంచి ఒక మామ్మగారు దిగలేక, పూలబుట్టకి తాడు కట్టి బియ్యం కిందకి దించారు. ఇంకోచోట వాచ్‌మన్ భార్య చేటతో వచ్చి దూరంగా నిలబడింది. "మావి కూడా ఓ గుప్పెడు పొయ్యొచ్చేటమ్మా?" అని అడిగింది. "నువ్వు పొయ్యకపోతే ఎలాగమ్మా, రా" అన్నాను. పోసి, మాతోపాటు సందు చివరిదాకా నడిచింది. రెండేళ్లుగా ఆవిడ కూతురు మా గోష్ఠిలో పాడుతోంది.

వచ్చిన బియ్యం అన్నీ కలిపి గోష్ఠి నాడు చక్రపొంగలి వండాలి. పది ఇళ్ల బియ్యం పది రకాలు, కొత్తవీ పాతవీ కలిసిపోతాయి, ఒకేసారి ఉడకవు. ముందు రోజు రాత్రి తెల్లగుడ్డ మీద పోసి ఏరుకోండి. ఉప్పుడు బియ్యం కనబడితే విడిగా తీసి అరగంట ముందు నానబెట్టండి. తరవాత అన్నీ కలిపి, పెసరపప్పు దోరగా వేయించి వేసి, నీళ్లు మామూలుకంటే ఒక గ్లాసు ఎక్కువ పోయండి. మెతుకు మెత్తబడ్డాకే బెల్లం వేయాలి. ముందు వేస్తే ఆ పాతబియ్యం ఇంక ఉడకదు.