కుక్కకు పట్టిన పిడుదులను వదిలించడం ఎలా?

ఎన్నిసార్లు ఏరినా వారం తిరిగేసరికి కుక్క చెవుల్లో మళ్లీ పిడుదులు కనిపిస్తున్నాయంటే, అవి ఇంట్లోనే పెరుగుతున్నాయని అనుమానించాలి. కుక్కలకు ఎక్కువగా పట్టే గోధుమరంగు పిడుదు (గోమారి) ఒంటి మీదే కాపురం ఉండదు. రక్తం తాగి రాలిపోతుంది, ఏదో సందులో దాక్కుని కుబుసం విడుస్తుంది, మళ్లీ ఎక్కుతుంది. పెద్దదయ్యేలోగా ఇలా రెండుసార్లు జరుగుతుంది. చివరిసారి కడుపు నిండా తాగిన ఆడ పిడుదు గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక వేలల్లో గుడ్లు పెడుతుంది. రక్తం దొరకని పిడుదు కూడా నెలల తరబడి బతకగలదు. అందుకే కుక్కకు మందు, ఇంటికి శుభ్రత ఒకేరోజు మొదలవ్వాలి.

రోజూ ఒకసారి ఒళ్లంతా వేళ్లతో తడమండి. చెవి మడతలు, మెడపట్టీ కింద, చంకలు, గజ్జలు, తోక అడుగు చూడండి. కాలివేళ్ల సందులు తప్పనిసరి, చాలామంది వదిలేసేది అక్కడే.

కరుచుకున్న పిడుదును తీయడానికి చేతికి తొడుగు వేసుకుని, సన్నటి మొనల ట్వీజర్‌తో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకోండి. మెలిపెట్టకుండా, కుదపకుండా నిదానంగా పైకి లాగండి. పొట్ట నొక్కితే దాని లోపలి ద్రవం గాయంలోకి పోతుంది. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం అసలు వద్దు. తీసినదాన్ని వేళ్లతో నలపకుండా స్పిరిట్‌లో వేసి, కరిచిన చోట యాంటీసెప్టిక్ రాయండి.

మందు కొనే ముందు కుక్కను తూచండి. మోతాదు బరువును బట్టే ఉంటుంది. పెద్ద కుక్క కోసం చుక్కల మందు నింపిన చిన్న గొట్టం, అంటే పైపెట్‌ను చిన్నదానికి సగం సగం పంచకూడదు. ఫిప్రోనిల్ చుక్కల మందును భుజాల మధ్య వెంట్రుకలు పాయ తీసి, నేరుగా చర్మం మీదే వేయాలి. దానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం చేయించకూడదు. చర్మపు నూనెతోనే ఆ మందు ఒళ్లంతా పాకుతుంది, షాంపూ ఆ నూనెను కడిగేస్తుంది. మాత్రల్లో అఫోక్సోలానర్ నెలకొకసారి, ఫ్లురలానర్ సాధారణంగా 12 వారాలకొకసారి. రెండోదాన్ని తిండితో పాటు ఇవ్వాలి. మాత్ర వేశాక కూడా పిడుదు కనబడితే కంగారుపడకండి, అది కరిచి రక్తం తాగితేనే చస్తుంది. మూర్ఛ వచ్చిన కుక్క అయితే మాత్రకు ముందే డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న మందు వాడొద్దు, పిల్లికి అది ప్రాణాంతకం. అమిట్రాజ్‌తో (నీళ్లలో కలిపి ఒంటికి పట్టించే పిడుదుల మందు) తుడిచేవారు ఆరేదాకా కుక్కను నాకనివ్వకూడదు. షుగరు ఉన్న కుక్కకు అది పనికిరాదు.

ఇక ఇల్లు. పరుపు గుడ్డలు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. గోడ అంచులు, మంచం కింద, చట్రాల చుట్టూ వాక్యూమ్ పట్టి, చెత్తను సంచిలో కట్టి వెంటనే బయట పారేయండి. పగుళ్లు పూడ్చండి. పురుగుమందు కొట్టిస్తే ఆరేవరకు కుక్కను లోపలికి రానివ్వొద్దు. లోతు పగుళ్లలోని గుడ్లకు మందు తగలదు కాబట్టి ఒక్కసారితో పని అవదు. కనీసం మూడు నెలలు వదలకుండా చేయాలి. పిడుదులు కనబడటం లేదని రెండో నెల మందు మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, ముదురు రంగు మూత్రం, వీటిలో ఏది కనిపించినా అదేరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పిడుదు కాటుతో రక్తంలోకి చేరే ఎర్లికియా, బబీసియా లాంటి క్రిముల వల్ల వచ్చే జబ్బులు కరిచిన వారం, రెండు వారాల తర్వాత కూడా బయటపడతాయి. అప్పటికి ఒంటిమీద ఒక్క పిడుదూ లేకపోవచ్చు, కాబట్టి ఈమధ్య పిడుదులు పట్టాయన్న మాట డాక్టరుకు మీరే చెప్పాలి.