ఉన్న ఆంప్లిఫయర్‌కి సరిపడే మంచి స్పీకర్లు ఎలా ఎంచుకోవాలి

మా ఆంప్లిఫయర్ కొని తొమ్మిదేళ్లయింది. స్పీకర్ కరెంటుకి చూపే అడ్డుని ఓమ్‌లలో కొలుస్తారు. ఇది 8 ఓమ్‌ల దగ్గర చానల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, 45 వాట్లు ఇస్తుంది, 4 ఓమ్‌ల దగ్గర 60. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, మార్చే ఉద్దేశమూ లేదు. స్పీకర్లు మాత్రం ఈసారి మంచివే తీసుకుందామని చాన్నాళ్లు డబ్బు కూడబెట్టాను. మొదటిసారి తప్పుగా కొన్నాను. అంత ఖర్చు పెట్టేవాళ్లు ఎవరూ మళ్లీ అలా నష్టపోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

షోరూమ్‌లో నడుమెత్తు టవర్ స్పీకర్లు విన్నాను. గంటసేపు కదలబుద్ధి కాలేదు. ఇంటికి తెచ్చి బిగించి, నాదస్వర కచేరీ పెట్టాను. ఆలాపన అంతా హాయిగా సాగింది. డోలు అందుకుని గట్టిగా నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, ఆంప్లిఫయర్ లోపల 'టక్' మని చిన్న చప్పుడు. పాట ఆగిపోయింది, ముందు లైటు ఎర్రగా ఆరుతూ వెలుగుతోంది. పైమూత మీద చెయ్యి పెడితే అట్ల పెనంలా కాలింది. పది నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ పెట్టాను. అదే డోలు దగ్గర అదే 'టక్'.

షోరూమ్‌లో వాటిని మోగించింది నా దానికంటే ఎన్నో రెట్లు పెద్ద ఆంప్లిఫయర్. ఆ సంగతి నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

స్పీకర్ వెనక '6 ఓమ్‌లు' అని రాసి ఉంటే అది ఎప్పుడూ 6 దగ్గరే నిలబడదు. స్వరం మారేకొద్దీ పైకీ కిందకీ పోతుంది. ఆ స్టిక్కర్ మీద అంకె సుమారుగా చెప్పినది. ఓమ్‌లు తగ్గితే, అదే వోల్టేజీకి స్పీకర్ ఆంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ తగ్గడం మంద్రంలో, డోలూ, మృదంగం ఎడమవైపు తొప్పీ మోగే చోట జరిగిందంటే ఆంప్లిఫయర్ మీద భారమంతా అక్కడే పడుతుంది. నా టవర్లు సరిగ్గా అక్కడ 3 ఓమ్‌లకు దిగుతున్నాయి. కాగితంలో ఉంది, చదవలేదు.

అందుకని మొట్టమొదట చూడవలసింది కనిష్ఠ ఇంపెడెన్స్, అంటే ఆ ఓమ్‌లు ఎంత కిందకి దిగుతాయో చెప్పే అంకె. ఉదాహరణకి కెఫ్ ఎల్ఎస్50 మెటా అనే స్పీకర్‌కి 8 ఓమ్‌లు అని చెప్తారు, కనిష్ఠం 3.5 అని కూడా వాళ్లే రాస్తారు. అలా రాసే కంపెనీని నేను నమ్ముతాను. ఆ పక్కనే మీ ఆంప్లిఫయర్ కాగితం పెట్టుకోండి. 8 ఓమ్‌ల దగ్గర ఇచ్చే వాట్లు 4 ఓమ్‌ల దగ్గర రెట్టింపుకి దగ్గరగా ఉంటే పవర్ సప్లై గట్టిదని అర్థం. నాది 45 నుంచి 60కే వెళ్తుంది. అలాంటిదానికి బాగా కిందకి దిగే స్పీకర్లు పెట్టకూడదు.

తర్వాత సెన్సిటివిటీ. 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో చెప్పే అంకె ఇది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 2.83 వోల్టులంటే ఒక వాటు. 4 ఓమ్‌ల స్పీకర్‌కి రెండు వాట్లు, అంటే దాని అంకె 3 డెసిబెల్స్ ఎక్కువగా కనిపిస్తోందన్నమాట. ఆ 3 తీసేసి పోల్చండి. 85 ఉన్న స్పీకర్ బదులు 91 ఉన్నది పెట్టుకుంటే, 45 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 180 వాట్లది పెట్టుకున్నంత లాభం. క్లిప్ష్ హెరెసీ 4 లాంటి స్పీకర్ 99 చెప్తుంది, దానికి చిన్న వాల్వ్ ఆంప్లిఫయర్ కూడా చాలు.

అలాగని పెద్ద అంకె వెంట పడనక్కర్లేదు. నేను కూర్చునేది ఏడడుగుల దూరంలో. 83.5 డెసిబెల్స్ స్పీకర్లతో లెక్క వేసుకుంటే నా 45 వాట్లతో బాగా గట్టిగా మోగే చోట్ల శబ్దం 95 డెసిబెల్స్ దాటుతోంది. అంతకంటే నాకు అవసరం లేదు, పక్కింటివాళ్లకి అసలే లేదు. పెద్ద హాలు, పన్నెండడుగుల దూరం అయితే మాట వేరు.

'ఈ స్పీకర్ 150 వాట్లది, మీ ఆంప్లిఫయర్ చాలదు' అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అది స్పీకర్ తట్టుకోగలిగే హద్దు, అడిగే తిండి కాదు. నిజంగా ట్వీటర్లు, అంటే తారస్థాయి పలికే చిన్న స్పీకర్లు, కాలేది చిన్న ఆంప్లిఫయర్‌ని శక్తికి మించి తిప్పి, ధ్వని చీలిపోతున్నా అలాగే వింటే.

ఇక గది. మా హాలు 14 అడుగులు, 11 అడుగులు, కింద టైల్స్. మీ గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. వెనకాల 'ట్రిర్ర్' మని మోత వస్తే ఏ స్పీకరైనా గరగరలాడుతుంది. నేను మందపాటి జంపఖానా పరిచి, పక్క గోడకి పుస్తకాల బీరువా జరిపాను. ఆ మార్పు ఏ వైరూ ఇవ్వలేదు. 14 అడుగుల గదిలో 40 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా లోతైన మంద్రంలో, ధ్వని గుమ్మని ఉబ్బుతుంది, పెద్ద టవర్ అక్కడ గదిని ముంచేస్తుంది. వెనక గోడకి దగ్గరగా పెట్టక తప్పకపోతే వెనక పోర్ట్ (గాలి వెళ్లే రంధ్రం) ఉన్నవాటికంటే మూసిన డబ్బా మేలు.

ఇంత చూశాక వినడానికి వెళ్లండి. ఆంప్లిఫయర్ దుప్పటిలో చుట్టి కారు వెనక సీట్లో పెట్టుకుని వెళ్లాను, నాలుగుసార్లు. రెండు జతలు పోల్చేటప్పుడు ఫోన్లో మీటర్ పెట్టి శబ్దం సమానం చేయించండి. ఒక డెసిబెల్ ఎక్కువున్నదే మంచిదిగా అనిపిస్తుంది, చెవి అలాంటిది.

వినిపించుకోవలసింది డెమో పాటలు కాదు. ఘంటసాల పాత మోనో రికార్డు ఒకటి పెట్టించండి. గొంతు రెండు స్పీకర్ల నడుమ సరిగ్గా ఒక్క చోట, మనిషి నోరంత వెడల్పులో నిలబడాలి. పరుచుకుంటే జతలో తేడా ఉంది, లేదా పెట్టడం సరిగా లేదు. తర్వాత వీణ: మీటు చప్పుడు, దాని వెనక తీగ సాగడం రెండూ విడిగా తెలియాలి. ఆఖరికి వయొలిన్ ఒక అరగంట. మొదటి ఐదు నిమిషాల్లో మెరిసేవి చాలా ఉంటాయి, అరగంటకి వాల్యూమ్ తగ్గించాలనిపిస్తే వద్దు.

నాకు నచ్చినవి హార్బెత్ పీ3ఈఎస్ఆర్. మూసిన చిన్న డబ్బా, 6 ఓమ్‌లు, నా ఆంప్లిఫయర్‌కి ఇబ్బంది లేదు. ఓబీ వ్యాన్లలో (స్టూడియో బయటి నుంచి ప్రసారం చేసే బళ్లలో) మాట స్పష్టంగా వినడానికి బీబీసీ 1970లలో రూపొందించిన ఎల్ఎస్3/5ఏ స్పీకర్ ఇంచుమించు ఈ సైజే. గొంతు విషయంలో ఆ పోలిక తెలుస్తుంది. పెద్ద మంద్రం రాదు, అది తెలిసే తీసుకున్నాను.

వైరు సంగతి త్వరగా: 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఐదు మీటర్లకి రానూపోనూ 0.07 ఓమ్ మాత్రమే. మిగిలిన డబ్బుతో బరువైన స్టాండ్లు కొనండి. ట్వీటర్ చెవి ఎత్తుకి రావాలి.

డబ్బు పూర్తిగా కట్టే ముందు, వారం ఇంట్లో ఉంచుకుని నచ్చకపోతే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి. అట్టపెట్టెలూ థర్మాకోలూ ఆ వారం పారేయకండి.