లారీ క్యాబిన్ మీద రంగు పొక్కులొస్తే: థిన్నర్‌ని తిట్టే ముందు బోరు నీళ్లు చూడండి

క్యాబిన్ మీద పొక్కులు లేచాయని ఫొటో పంపిస్తారు. ఒకటి సూదితో పొడిచి చూశారా అంటే లేదంటారు. ఈలోగా రంగు పలచన చేసే థిన్నర్ మార్చేసి, రంగు కొట్టే గన్ మార్చేసి, కొత్త కంప్రెసర్‌కి బేరం కూడా ఆడేసి ఉంటారు. రెండు రూపాయల గుండుసూది పని మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

పొక్కుని పొడవండి, బ్లేడుతో పెచ్చు లేపండి. రెండే చూడాలి: లోపల తడి ఉందా, పెచ్చు ఏ పొర దగ్గర ఊడింది.

ప్రైమర్, అంటే రంగు కింద కొట్టే తొలి పూత, నున్నగా మెరుస్తూ మిగిలి, పై రంగు ఒక్కటే ఊడొస్తే రుద్దుడు చాలలేదు. 400 నంబరు పేపరుతో మెరుపు చచ్చేదాకా రుద్ది మళ్లీ కొట్టండి. సొట్టలు పూడ్చే పుట్టీ ఉన్నచోటే ఉబ్బి, పుట్టీ చెమ్మగా తగిలితే దాన్ని నీళ్లు పోసి రుద్దారన్నమాట. పాలిస్టర్ పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, పొడిగానే రుద్దాలి. రేకు దాకా ఊడొచ్చి, లోపల తడి, రేకు మీద ఆవగింజంత నల్లటి చుక్కలు కనిపించాయా? నన్ను రెండుసార్లు ముంచింది ఇదే.

నా బండి ముందు బానెట్ ఉన్న పాత టాటా. 1954లో జంషెడ్‌పూర్‌లో బెంజ్ వాళ్లతో కలిసి టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) మొదలుపెట్టిన లారీల వంశం. నా దగ్గరికి వచ్చేముందు శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఉప్పు మోసేది. భోగాపురం దగ్గర మా పెరట్లోనే రుద్ది, ప్రైమర్ కొట్టి, మాఘమాసంలో రంగు వేశాను. అద్దంలా వచ్చింది. శ్రావణం వానలు మొదలయ్యాక క్యాబిన్‌కి చెమటకాయలు పేలినట్టు పేలాయి. థిన్నర్ అమ్మిన కొట్టువాడితో గొడవపడ్డాను. మరుసటేడు కంప్రెసర్‌కి నీళ్ల ఫిల్టరు బిగించి మొత్తం మళ్లీ చేశాను. వానలు రాగానే మళ్లీ అవే పొక్కులు.

ఆ రెండోసారి గాని బుర్ర వెలగలేదు. పొక్కులు చెల్లాచెదురుగా లేవు, వరసల్లో ఉన్నాయి. ముందద్దం మూల నుంచి కిందికి, చారలు చారలుగా. బోరు పైపు పెట్టి రుద్దినప్పుడు నీళ్లు కారి, కారినచోటే ఆరిపోయిన దారులవి. ఎడమ తలుపుకి మాత్రం ఒక్క పొక్కు లేదు. ఆ తలుపు ఊడదీసి విజయనగరంలో మా బావ ఇంటికి తీసుకెళ్లి కుళాయి నీళ్లతో రుద్దాం. అదీ తేడా.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సముద్రం పక్క ఊళ్లలో చాలా బోర్లు అంతే. నీళ్లు ఆరినా ఉప్పు రేకు మీదే ఉండిపోతుంది, కంటికి కనపడదు. దాని మీద ఎంత మంచి ప్రైమర్ కొట్టినా, ఏ రంగూ గాజు కాదు కదా, తేమ మెల్లగా లోపలికి పోతుంది. వానాకాలం జాడీలో ఉప్పు చెమర్చినట్టు రేకు మీది ఉప్పు ఆ తేమని లాగి పట్టుకుంటుంది. ఆ నీరే రంగుని పైకి తోస్తుంది. ఎండలు రాగానే పొక్కు కాస్త అణుగుతుంది, మనం తగ్గిపోయిందనుకుంటాం. కింద తుప్పు పని తుప్పు చేసుకుపోతుంది.

ప్రైమర్‌కి ముందు థిన్నర్ గుడ్డతో తుడిచాం కదా అంటారు. థిన్నర్ జిడ్డు తీస్తుంది, ఉప్పు తీయదు. ఉప్పు పోవాలంటే మంచినీళ్లే.

పరిష్కారానికి అడ్డదారి లేదు. పొక్కు చిదిమి పైన టచప్ వేస్తే వచ్చే వానకి పక్కనే లేస్తుంది. పొక్కులున్న భాగం మొత్తం రేకు దాకా తీయండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, దుమ్ము లేవకుండా తడిపి రుద్దండి, అదీ మంచినీళ్లతోనే. నల్లచుక్కలన్నీ వైరు బ్రష్షుతో గీకేయాలి, గుంట అడుగున మిగిలితే ఉప్పు అక్కడే దాక్కుంటుంది. తర్వాత పట్టిన వాననీళ్లతో గాని, ఆర్వో మంచినీళ్లతో గాని కడగండి. ఆర్వో పక్క పైపులోంచి పోయే వృథా నీళ్లు కాదు బాబూ, ఉప్పంతా చేరేది అందులోనే! ఆఖరి తుడుపు బ్యాటరీ నీళ్లతో, అంటే యాసిడ్ కాదు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో. వెంటనే గాలి కొట్టి ఎండలో ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డతో జిడ్డు తీసి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేసేయండి. ఉత్త రేకుని రాత్రంతా సముద్రపు గాలికి వదలొద్దు, చెమట చేత్తో ముట్టుకోవద్దు. నాకు ఒకచోట అరచెయ్యి ఆకారంలోనే తుప్పు తేలింది.

మిగతావి తొందరగా చెప్పేస్తా. కొడుతుండగానే రంగు పక్కకి తప్పుకుని గుంటలు పడితే నూనో, డాష్‌బోర్డు పాలిష్‌లోని సిలికానో. రుద్ది జిడ్డు తీసి మళ్లీ కొట్టండి. కంప్రెసర్ గాలితో వచ్చే నీళ్లు కూడా సాధారణంగా అప్పటికప్పుడే బయటపడతాయి, ఆరునెలలు ఆగవు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు తెల్లగా మసకబారితే ముసురు గాలి. పొడి మధ్యాహ్నం చూసుకోండి. ముడతలు పడితే అడుగున పాత ఎనామెల్ ఉంది. రంగు డబ్బాయే చెడ్డదన్నది నేను ఇన్నేళ్లలో లెక్కలోకి తీసుకోలేదు. పీయూ (పాలీయూరెథేన్) రంగు కొడితే మూతికి తువ్వాలు చాలదు, అందులో గట్టిపడటానికి కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకి చేటు. సరైన మాస్కు లేకపోతే ఆ పని షెడ్డుకి ఇచ్చేయండి.

నా బండిలా ఉప్పు మోసిన బండి అయితే, తలుపు అడుగు మడతలూ ఫ్లోరు అతుకులూ విడిగా కడగాలి. కడిగినప్పుడు కారిన నీళ్లు ఒక స్టీలు పళ్లెంలో పట్టి ఎండలో పెట్టండి. బోరు నీళ్లకీ ఇదే పరీక్ష, ముందే చేసుకోవచ్చు. ఎండాక తెల్లటి పొర మిగిలితే మళ్లీ కడగండి. నా కుడి తలుపుకి నాలుగో పళ్లెం శుభ్రంగా వచ్చింది, అప్పుడే ప్రైమర్ డబ్బా మూత తీశాను.