అమెరికాలోని మిన్నెసోటా చలికి కోడిపిల్లలు కొనేముందు చూసుకోవాల్సినవి

ముందు ఊరి నిబంధనలు కనుక్కోండి. చాలాచోట్ల పెట్టలకే అనుమతి, పుంజుకు ఉండదు.

తర్వాత తురాయి, అంటే నెత్తిమీది ఎర్ర కండ, చూడండి. అసలు సంగతంతా అక్కడే ఉంది. లెగ్‌హార్న్ జాతిలా పొడవాటి రంపంపళ్ల తురాయి ఉంటే గడ్డకట్టే చలికి కొసలు నల్లబడి ఎండి రాలిపోతాయి. మా తెల్ల పెట్టకు జనవరిలో అలాగే అయింది, చూడలేకపోయాం. నెత్తికి అతుక్కున్నట్టుండే తురాయి జాతులే తీసుకోండి: వయండాట్, బకై, శాంటెక్లేర్. ఈ శాంటెక్లేర్‌ను 20వ శతాబ్దం మొదట్లో కెనడాలో క్యుబెక్‌లోని ఓకా మఠంలో ఒక సన్యాసి చలి కోసమే తయారుచేశాడు. నాకైతే అదే మొదటి ఎంపిక.

ఒళ్లు బరువుగా, ఈకలు దట్టంగా ఉండాలి. సిల్కీ జాతి ముద్దొస్తుంది, కానీ దాని ఈకలు తడిని ఆపవు.

మన పందెం కోడి అసీల్ తెచ్చుకోవాలనిపిస్తుంది. తురాయి చిన్నదే, కానీ ఈకలు పలచన. వద్దు.

కాళ్లకు ఈకలున్న బ్రహ్మ జాతి కొంటే తడి మంచు అంటుకోకుండా నేల పొడిగా ఉంచాలి.

గూడును పూర్తిగా మూసేయకండి. పైన గాలి పోయే సందు లేకపోతే కోళ్ల ఊపిరి తేమే చలికి తురాయిని గడ్డకట్టించి పాడుచేస్తుంది. పడుకునే కర్ర వెడల్పుగా ఉంటే వేళ్లు ఈకల కింద దాగుతాయి.

పిల్లల్ని వసంతంలోనే తెచ్చుకోండి, చలికాలానికి ఈకలు నిండుతాయి.