లాంకాస్టర్ ఆమిష్ పల్లెల్లో ఒంటరిగా సైకిల్ తొక్కాలంటే

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా ప్రాంతాల తెలుగువారు వారాంతాల్లో కార్లలో వెళ్ళి వస్తుంటారు. సొంత కార్లు లేకుండా గుర్రపు బండ్లలో తిరిగే క్రైస్తవ వర్గంవారైన ఆమిష్‌ల పల్లెలు అక్కడ ఉన్నాయి. వాటిని సైకిల్ మీద ఒంటరిగా చూడదలచినవారు ముందుగా ఆదివారాన్ని పక్కన పెట్టాలి. ఆనాడు ఆమిష్‌లు ఏదీ అమ్మరు కనుక దారిపక్క పండ్లూ కూరగాయల బల్లలన్నీ ఖాళీగా ఉంటాయి. ప్రార్థనలు ఎవరో ఒకరి ఇంట్లోనే జరుగుతాయి కనుక సన్నని దారుల్లో ఉదయం పూట గుర్రపు బగ్గీలు బారులు తీరుతాయి.

స్ట్రాస్‌బర్గ్‌లో బయలుదేరి ప్యారడైజ్, ఇంటర్‌కోర్స్, బర్డ్ ఇన్ హ్యాండ్ ఊళ్ళ మీదుగా చుట్టి వస్తే సుమారు 30 కిలోమీటర్లు అవుతుంది. 30, 340 నంబరు రోడ్లపై కార్ల రద్దీ ఎక్కువ కనుక వీలైనంత వరకు వాటిని అడ్డంగా దాటడమే తప్ప వాటి వెంట పోకూడదు. బెల్మాంట్ రోడ్డులో పెక్వే వాగు మీద పైకప్పున్న చెక్క వంతెన వస్తుంది. ఎండలోంచి ఒక్కసారిగా ఆ చీకట్లోకి దూరితే క్షణకాలం ఏమీ కనబడదు. వేగం తగ్గించి, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా పోవాలి.

అసలు నేర్పంతా బగ్గీని దాటడంలో ఉంది. గుర్రం కళ్ళకు పక్క చూపును అడ్డే గంతలుంటాయి, సైకిలేమో చప్పుడు చేయదు; కాబట్టి వెనుక నుంచి వచ్చి హఠాత్తుగా గంట కొడితే అది బెదురుతుంది. కొంత దూరం వెనుకే ఉండి, బండి తోలే మనిషికి వినిపించేలా మామూలు గొంతుతో పలకరించి, ఎదురుగా వాహనాలు లేవని రూఢి చేసుకున్నాకనే ఎడమ పక్కగా బాగా ఎడం ఇచ్చి దాటాలి. దాటిన వెంటనే గుర్రం ముందుకు అడ్డు రాకూడదు. దాని చెవులు వెనక్కి అణిగి ఉంటే ఆ ప్రయత్నమే మానుకోవడం మేలు. ఎత్తు ఎక్కేటప్పుడు మీరే అలసిపోతే, అదే బగ్గీ మిమ్మల్ని దాటిపోవచ్చు!

లాడాల రాపిడికి దారి మధ్య గాడి పడి ఉంటుంది, లద్దెలూ ఉంటాయి. సన్నని టైర్లు పనికిరావు. ఇక్కడి ఆమిష్‌లు సైకిల్ తొక్కరు, పెడళ్ళు లేని స్కూటర్‌ను కాలితో నెట్టుకుంటూ పోతారు. మలుపుల్లో పిల్లలు అలా ఎదురవుతారు, గమనించండి.

చిల్లర డాలర్లు దగ్గర ఉంచుకోండి. చాలాచోట్ల అమ్మే మనిషి ఉండరు, బల్ల మీద డబ్బుల పెట్టె మాత్రమే ఉంటుంది. కంచర గాడిదలతో అరక తోలే దృశ్యం ఎంత ఊరించినా, మనుషుల ముఖాలను ఫొటో తీయకూడదు. అది వారి మతవిశ్వాసానికి విరుద్ధం. పొద్దుగూకేలోపు స్ట్రాస్‌బర్గ్ చేరేలా చూసుకోండి, ఎందుకంటే బూడిదరంగు బగ్గీలు మసక వెలుతురులో కలిసిపోయి, వెనుకనున్న నారింజరంగు హెచ్చరిక త్రికోణం దగ్గరపడ్డాక గాని కనబడదు.