సరుగుడు ఆకు ఎన్ని బస్తాలు? లెక్క ఎక్కడ తప్పుతుంది

విజయనగరం జిల్లా భోగాపురం, పూసపాటిరేగ వైపు ఇసుక నేలల్లో పెరటికి ఆచ్ఛాదన (మొక్కల చుట్టూ నేలను కప్పే పొర) వేయాలంటే సరుగుడు తోటల్లో రాలిన ఆకే చేతికందే సరుకు. అమెరికాలో ఇలాగే పరిచే పైన్ ఆకులను బేళ్లుగా, అంటే నొక్కి కట్టిన మోపులుగా లెక్కిస్తారు; ఆ లెక్క మన బస్తాలకు అతకదు.

సమస్య: సగం పెరడు కప్పేసరికే ఆకు అయిపోయింది.

కారణం: పొడి ఆకు ఎత్తు చూసి లెక్క వేశారు. సన్నని పుల్లల మధ్య గాలి ఉన్నంతసేపూ అది పొంగి కనిపిస్తుంది. తడిస్తే అణిగిపోతుంది.

పరిష్కారం: ముందు ఒక్క బస్తా తెచ్చుకోండి. మడిలో పరిచి, నీళ్లు చల్లి, తేలికగా తొక్కండి. అణిగాక వేలు గుచ్చి చూడండి. మూడు అంగుళాల మందం ఉండేలా సర్దాక, ఎంత మేర కప్పిందో టేపుతో కొలవండి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు వచ్చిందనుకుంటే బస్తాకు 8 చదరపు అడుగులు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. రెండు సెంట్ల పెరట్లో దారులు, నూతి గట్టు, బట్టలుతికే బండ తీసేశాక 600 మిగిలితే, 75 బస్తాలు కావాలి. ఎవరి బస్తా వారిది, ఎవరి కూరుడు వారిది. ఈ 8 అనే అంకెను మాత్రం ఇక్కడి నుంచి అరువు తీసుకోకండి.

సమస్య: కూరగాయల మడులకు సరిపోయింది, కొబ్బరి పాదులకు చాలలేదు.

కారణం: "ఆరడుగుల పాదు" అన్నారు. మాను నుంచి అంచుకా, ఈ అంచు నుంచి ఆ అంచుకా? మొదటిదైతే సుమారు 113 చదరపు అడుగులు, రెండోదైతే 28. తేడా నాలుగింతలు!

పరిష్కారం: మాను నడిమి నుంచి అంచు దాకా కొలవండి. ఆ అంకెను దానితోనే హెచ్చవేసి, మళ్లీ 3.14తో హెచ్చవేయండి. మాను చుట్టూ జానెడు ఖాళీ వదలండి. తడి ఆకు మానుకు ఆనుకుని ఉంటే చెదలకు దారి ఇచ్చినట్టే.

సమస్య: ఇంత పరిచినా తుంగ పైకి వస్తోంది.

మరో పది బస్తాలు పోయడం దండగ. తుంగ మొన మందంగా పరిచినా చీల్చుకుని వస్తుంది. ముందు గడ్డలతో సహా తవ్వి తీయండి, తర్వాతే పరచండి.

సమస్య: గాలికి కొట్టుకుపోతోంది.

సముద్రం పక్కన అది మామూలే. తడిపి, పైన కొబ్బరి కమ్మలు అడ్డంగా వేయండి.

ఎండిన సరుగుడు ఆకు ఇట్టే అంటుకుంటుంది. కట్టెల పొయ్యి దగ్గర, చెత్త కాల్చే మూల దగ్గర పరచవద్దు. కొలిచేటప్పుడే ఆ చోటును తీసేస్తే రెండు మూడు బస్తాలు మిగులుతాయి కూడా.